సియోల్ సంతలో పెసరట్టు



గత మాసమున ఈ శీర్షిక ఏల వెలువడలేదని కొందఱు సోదరీమణులు నన్నడిగిరి. నేను భీమవరమున లేకుండుటయే యందులకు కారణము. దక్షిణ కొరియా రాజధాని యగు సియోల్ నగరమున మా చిన్నమ్మాయి పైచదువు చదువుచున్నది. దానిని చూచుటకై పదునైదు దినములు అచ్చటికి పోయి వచ్చితిని. పోవునపుడు నా పెట్టెలో బట్టలకంటె ఆవకాయ, కందిపొడి, సున్నుండలే హెచ్చుగా నుండెను. పరదేశపు వీధిలో అమ్ము తిండిని ముట్టరాదని నిశ్చయించుకొనియే విమాన మెక్కితిని. ఆ నిశ్చయ మెట్లు చెడినదియు, అది చెడుటవలన నాకు కలిగిన మేలును మీతో చెప్పుకొనుటకే ఇది వ్రాయుచున్నాను.

మొదట అమ్మాయి నన్ను ఇతేవాన్ అను పేటకు తీసికొనిపోయెను. అమెరికా సేనల దండు చిరకాలము దానికి దాపున నుండుటచేత అచ్చట పరదేశీయుల అంగళ్ళు వెలసినవి. 1976వ సంవత్సరమున అచ్చటి మెట్టమీద నొక పెద్ద మసీదు తెఱవబడెను. దాని పరిసరములందు తుర్కీ రొట్టెల దుకాణములు, అరబ్బుల భోజనశాలలు, మన దేశపు సరకు లమ్ము కొట్లును గలవు. ఒక కొట్టులో కందిపప్పును, మినపప్పును చూడగనే పుట్టింటివా రెదురైనట్లు నాకు తోచెను. ఆ పేటలోనే 2022వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి ఒక యిఱుకు సందులో జనసమ్మర్దము మితిమీఱి 159 మంది మృతులైరి. వారిలో పెక్కండ్రు యువతీయువకులు. ఆ సందు మొదట అమ్మాయి నా చేయి పట్టుకొని కొంతసేపు మాటలాడక నిలిచెను. పిల్లలను దూరదేశమున నుంచిన తల్లుల మనస్సు నేను వేఱుగా చెప్పనేల?

“ఇక్కడ లోకంలోని తిండ్లన్నీ దొరుకుతాయి. కొరియావాళ్ళ సొంత తిండి చూడాలంటే మాత్రం సంతకు వెళ్ళాలమ్మా” అని మఱునాడు నన్ను క్వాంగ్జాంగ్ అను సంతకు తీసికొనిపోయెను. అది 1905వ సంవత్సరమున వెలసినది. ఒక వంక పట్టుబట్టలు, పెండ్లి దుస్తులు. మఱియొక వంక వరుసగా తినుబండారముల బల్లలు. ఒక్కొక్క బల్లవెనుక నొక్కొక్క స్త్రీ నిలిచి వండుచుండును. కొనువారు ఎదుటి పలకమీద కూర్చుండి అక్కడనే తిందురు.

వారు బియ్యపుపిండిని ఆవిరిపై నుడికించి, దంచి, వ్రేలంత పొడవున చేసిన ముద్దలను ఎఱ్ఱని కారపు పులుసులో ఉడికింతురు. దానిని తొక్‌బొక్కి యందురు. ఆ కారమునకు మూలము గోచుజాంగ్ అను ముద్ద. మిరపపొడి, పులియబెట్టిన సోయాచిక్కుడు పిండి, జిగురుబియ్యము, ఉప్పు కలిపి జాడీలలో మాసములకొలది మాగనిత్తురు. ఇట్టివానిని చేయు విద్యను 2024వ సంవత్సరమున యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది. మన ఆవకాయజాడీ నెఱిగినవారికి ఈ శ్రద్ధ క్రొత్తది గాదు. మిరప మాత్రము మనదియు గాదు, వారిదియు గాదు. అమెరికా ఖండమునుండి ఓడలెక్కి ఉభయులకును వచ్చినదే.

చేపముద్దను పుల్లకు గ్రుచ్చి వేడినీళ్ళలో నుడికించునదియు, బెల్లపురంగు చక్కెరయు పప్పులును లోపల బెట్టి కాల్చు హొత్తొక్ అను తీపిరొట్టెయు చూచితిని. అయినను నోటబెట్టలేదు. ఇంతలో నొక బల్లయొద్ద గరగర చప్పుడు వినబడెను. మన తిరుగలివంటి రాళ్ళు మోటారుతో తిరుగుచుండ, వానినుండి నానిన పెసరపప్పు పిండియై జాఱుచుండెను! దానిలో పెసలమొలకలు, ఉల్లికాడలు కలిపి, విస్తారమైన నూనెలో దళసరిగా పోసి ఎఱ్ఱగా కాల్చుచున్నారు. దానిపేరు బిందేతొక్. మన పెసరట్టునకు అక్కయో, చెల్లెలో గాని పరాయిది గాదు. పెసలు మొట్టమొదట సాగైనది మన దేశముననే యని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇందులో మాంసము కలుపువారును గలరు గనుక, ముట్టనివారు ముందుగా అడిగి తెలిసికొనవలెను. అమ్మాయి అడిగి, మాంసములేని దానిని తెప్పించెను. సోయా పులుసులో నానిన ఉల్లిముక్కతో తింటిని. పైన కరకర, లోపల మెత్తన. అల్లము, జీలకఱ్ఱ లేని లోటు నాకు తెలియుచునే యుండెను, కాని రెండవ అట్టును నేనే యడిగితిని.

అట్టు పోయుచున్న యామెకు డెబ్బదియేండ్లు దాటియుండును. కొనవచ్చిన వారందఱు నామెను “ఇమో” యని పిలుచుచుండిరి. అది ఆమె పేరని తలచితిని. “కాదమ్మా, ఇమో అంటే పిన్ని. తల్లి తోబుట్టువు” అని అమ్మాయి చెప్పెను. 1950 మొదలు 1953 వఱకు జరిగిన యుద్ధమున లక్షలకొలది కుటుంబములు చెదరిపోయినవి. మగదిక్కు లేని స్త్రీలు పలువురు సంతలలో బల్ల వేసికొని పిల్లలను పెంచిరి. ఈమె అత్తగారును ఉత్తరమునుండి అట్లే వచ్చి, ఈ పనిచేతనే నలుగురు బిడ్డలను చదివించినదట. ఆ మాట చెప్పునపుడు ఆమె ముఖమున సిగ్గు లేదు, దైన్యమును లేదు.

సోదరీమణులారా! నాకు మాత్రము సిగ్గు కలిగెను. కారణము చెప్పెదను.

మా యూరిలో, గునుపూడి పోవు త్రోవలో, సాయంకాలములందు పెసరట్లు పోసి అమ్ము నామె నాకు స్వయముగా పిన్ని. మా తల్లికి పినతండ్రి కూతురు. భర్త పోయి, ఇద్దఱు పిల్లలతో నిలిచినపుడు ఎవరియింటను చేయి చాపక పెనము పెట్టుకొన్నది. వంశము పరువు వీధిని బెట్టినదని బంధువు లనిరి. నేను ఎదురు చెప్పలేదు. మా పెద్దమ్మాయి వివాహమునకు ఆమెకు శుభలేఖ పంపలేదు. ఆ త్రోవను పోవునపుడు కారు అద్దము పైకెత్తుకొనుచుంటిని. ఆమె చేతి అట్టును మాత్రము డ్రైవరుచేత తెప్పించుకొని తినుచుంటిని. పరదేశమున ముక్కు మొగ మెఱుగనివారు అట్లమ్ము స్త్రీని పిన్నీ యని పిలుచుచుండగా, నేను పన్నెండేండ్లుగా సొంత పిన్నిని ఆ మాటతో పిలువనైతిని.

ఊరు చేరిన మూడవనాటి సాయంకాలము నడచియే పోయితిని. నలుగురైదుగురు కుఱ్ఱవాండ్రు నిలిచియుండిరి. వారి వెనుక నిలిచితిని. నా వంతు వచ్చినపుడు “పిన్నీ” యంటిని. ఆమె తల యెత్తి చూచి, గరిటెడు పిండి పెనముమీద పోసి, “రా అమ్మాయీ. పచ్చిమిర్చి తగ్గించి, అల్లం ఎక్కువ వెయ్యాలి, అంతేనా?” అనెను.

“నీకెట్లా తెలుసు?” అంటిని.

“మీ డ్రైవరు పట్టుకెళ్ళే అట్టు నీకేనని నాకు ఎప్పుడూ తెలుసు” అనెను.

నాకు మాట రాలేదు. అట్టు తిని, డబ్బిచ్చితిని. ఆమె పుచ్చుకొనెను. అదియే న్యాయము, అది ఆమె వృత్తి. రాబోవు మాసమున మా మనుమరాలి అన్నప్రాసనమునకు రమ్మని పిలిచితిని. “ఆదివారమైతే వస్తాను. తక్కిన రోజులు బేరముంటుంది” అనెను. ఆదివారమునకే ముహూర్తము చూడుడని పురోహితునితో చెప్పియున్నాను.

మీ వీధి మొగను ఇడ్లీలో, బజ్జీలో అమ్ము స్త్రీ యుండును. ఆమెను మీరేమని పిలుచుచున్నారో ఒక్కసారి తలచుకొనుడు. ఆమె మీకు బంధువు కానక్కఱలేదు. సియోల్ సంతలో ఎవరును ఎవరికి బంధువులు కారు.