గూడ జారిన భుజం: నమ్మకాలు, నిదర్శనాలు

భుజం కీలు ఒక బంతి, ఒక గుంట కలిసే చోటు. జబ్బ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉంటుంది. రెక్క ఎముక పక్కన దాన్ని ఆనించుకునే చిన్న గుంట ఉంటుంది. తుంటి కీలులో గుంట గిన్నెలా లోతుగా ఉండి బంతిని పొదువుకుంటుంది. భుజంలో అది సాసరులా పలచన. ఏ భంగిమలో చూసినా బంతిలో మూడో వంతు కూడా గుంటను తాకదు. చెయ్యి అన్ని దిక్కులకూ ఇంత స్వేచ్ఛగా తిరిగేది ఆ లోతు లేకపోవడం వల్లనే. పెద్ద కీళ్లన్నిటిలోకీ ఎక్కువగా జారేది భుజమే కావడానికీ అదే కారణం. ‘గూడ జారింది’ అని జనం అనేది దీన్నే. నిజానికి గూడ కదలదు, బంతి గూడలోంచి బయటికి వస్తుంది.

ఆ గుంట అంచు చుట్టూ నారలతో బిగిసిన మృదులాస్థి వలయం ఒకటి ఉంటుంది. దాని పేరు లేబ్రమ్. లాటిన్‌లో పెదవి అని అర్థం. గుంట మొత్తం లోతులో దాదాపు సగం ఈ అంచు ఇచ్చేదే. తడి గాజుపలకలు రెండు అతుక్కున్నట్టు బంతిని గుంటకు పట్టి ఉంచడంలోనూ దీని పాత్ర ఉంది. కీలును బిగించే లిగమెంట్లకు, బైసెప్స్ కండరం పొడవాటి టెండన్‌కు కుదురు కూడా ఇక్కడే. ఇంత పని చేసే ఈ అంచుకు రక్తప్రసరణ తక్కువ. అందుకే చినిగితే చర్మం మీది గాయంలా తొందరగా మానదు. ఎక్స్‌రేలో కనిపించదు. పైకి వాపు గానీ కమిలిన మచ్చ గానీ ఉండకపోవచ్చు. కంటికి ఆనని గాయం కాబట్టే దీని చుట్టూ ఇన్ని నమ్మకాలు పేరుకున్నాయి.

చినుగు ఎక్కడ, ఎందుకు

అంచు ముఖ్యంగా మూడు చోట్ల చినుగుతుంది. మొదటిది ముందువైపు కింది భాగం. కబడ్డీలో చాచిన చేతిని అవతలివాళ్లు వెనక్కి లాగినప్పుడు, బైకు మీంచి పడుతూ చెయ్యి ఆనించినప్పుడు బంతి ముందుకు జారి, పోతూ పోతూ అక్కడి అంచును ఎముకనుంచి ఊడబీకుతుంది. భుజం పదేపదే జారడానికి మూలం ఈ ఊడిన అంచేనని బ్రిటిష్ శస్త్రవైద్యుడు బ్లండెల్ బ్యాంకార్ట్ 1923లో వివరించాడు. ఇప్పటికీ దాన్ని బ్యాంకార్ట్ గాయం అనే అంటారు. జారిన బంతి వెనకభాగం గుంట అంచుకు గుద్దుకుని సొట్ట పడటాన్ని 1940లో హిల్, సాక్స్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు వర్ణించారు. ఈ రెండు గాయాలూ తరచు జంటగా ఉంటాయి.

రెండోది పైభాగం, బైసెప్స్ టెండన్ అతుక్కునే చోటు. బేస్‌బాల్ ఆటగాళ్ల భుజాల్లో దీన్ని 1985లో ఆండ్రూస్ బృందం గుర్తించింది. 1990లో స్నైడర్ బృందం దీనికి ‘స్లాప్’ అని పేరు పెట్టి నాలుగు రకాలుగా విడదీసింది. చేతిని తలకు పైగా ఎత్తి బలంగా విసిరే ఆటల్లో, జారిపోతున్న బరువును ఒక్కసారిగా పట్టుకున్నప్పుడు, చాచిన చేతిమీద పడ్డప్పుడు ఇది వస్తుంది. భుజం లోలోపల నొప్పి, తిప్పినప్పుడు టక్కుమనే చప్పుడు, విసురులో బలం తగ్గడం దీని లక్షణాలు.

మూడోది వెనకభాగం. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాకు కొట్టినప్పుడు చేతిని లోపలికి తిప్పే బలమైన కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని బంతిని వెనక్కి తోసేస్తాయి. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఈ జారుడు దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. పక్కనుంచి మరో ఎక్స్‌రే తీయకపోతే వారాల తరబడి బయటపడదు.

కారణం తెలియనిచోట పుట్టిన పేర్లు

కీళ్లనొప్పి ఏదైనా ‘వాతం’ అనడం తెలుగునాట పాత అలవాటు. దెబ్బ గుర్తుండకపోతే ‘గాలి సోకింది’, ఆటలో పేరొచ్చిన కుర్రాడికైతే ‘దిష్టి తగిలింది’. పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. దిష్టి తీసిన తర్వాత చినిగిన అంచు ఎలా అతుక్కుంటుందో ఆ మాట చెప్పదు, చెప్పలేదు. తాయత్తు తనంతట తాను భుజానికి హాని చేయదు. దాన్ని నమ్మి వైద్యం వాయిదా వేసిన నెలలు చేస్తాయి. జారిన ప్రతిసారీ గుంట అంచున ఎముక కొంత అరుగుతుంది. మొదట్లో కుట్టుతో సరిపోయేది, తర్వాత ఎముక అతికించే ఆపరేషన్ దాకా వెళుతుంది.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులో ఇనుప ముక్కో పెట్టడం మరో ఆచారం. మూర్ఛ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది. ఇనుము పెట్టినా ఆగుతుంది, పెట్టకపోయినా ఆగుతుంది. ఇనుము వెతికే హడావుడిలో నలుగురూ చేతులు కాళ్లు అదిమిపట్టి పిడికిలి విప్పదీస్తారు. బిగిసిన కండరాలకు ఎదురుగా బలం వాడితే భుజానికే ప్రమాదం. మనిషిని పక్కకు పడుకోబెట్టి, దగ్గరున్న గట్టి వస్తువులు తీసేసి, ఎంతసేపు పట్టిందో చూడటమే సాయం. మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి. తెలివి వచ్చాక చెయ్యి బయటివైపు తిప్పలేకపోతుంటే భుజం వెనక్కి జారిందేమో చూపించుకోవాలి.

ఎదురుకాళ్లతో పుట్టినవారు తొక్కితే నడుం పట్టు వదులుతుందన్నది ఇంకో నమ్మకం. కండరం పట్టేస్తే కొద్దిరోజుల్లో దానంతట అదే సడలుతుంది. తల్లి కడుపులోంచి కాళ్లు ముందు వచ్చాయా తల ముందు వచ్చిందా అన్నది పెద్దయ్యాక పాదానికి ఏ గుణాన్నీ ఇవ్వదు. అదే ధీమాతో చినిగిన భుజాన్ని తొక్కించుకుంటే నష్టం రెట్టింపవుతుంది.

లాగడం, కట్టడం

జారిన భుజాన్ని లాగి కూర్చోబెట్టడం వీటన్నిటికంటే భిన్నం. ఇందులో నిజమైన పనితనం ఉంది. చంకలో మడమ ఆనించి చేతిని లాగే పద్ధతి రెండువేల ఏళ్లకు పూర్వమే గ్రీకు వైద్యుడు హిప్పోక్రాటస్ పేరుమీద ఉన్న గ్రంథాల్లో ఉంది. బంతి గూడలోకి చేరగానే భరించలేని నొప్పి నిమిషంలో చల్లబడుతుంది. నాటు వైద్యుల పేరు ఊళ్లు దాటడానికి ఆ నిమిషం చాలు. కానీ లోపలికి వచ్చింది బంతి మాత్రమే. ఊడిన అంచు ఊడినట్టే ఉండవచ్చు. నొప్పి పోవడం వేరు, గాయం మానడం వేరు. భుజం విషయంలో నమ్మకం పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఎక్స్‌రే లేకుండా లాగడంలో ప్రమాదాలున్నాయి. జబ్బ ఎముక బంతి కిందనుండే మెడ దగ్గర విరిగినా భుజం చూపుకు జారినట్టే ఉండవచ్చు. దాన్ని లాగితే విరుపు పెద్దదవుతుంది. కీలుకు ఆనుకుని వెళ్లే యాక్సిలరీ నరం దెబ్బతింటే భుజం బయటివైపు తిమ్మిరెక్కి, చెయ్యి పక్కకు ఎత్తడం కష్టమవుతుంది. పెద్ద వయసువారిలో రక్తనాళాలు చిరగవచ్చు. వారాల కిందట జారిన భుజాన్ని బలంగా లాగితే ఎముకే విరగవచ్చు.

తిరుపతి జిల్లా పుత్తూరు కట్టు పేరు తెలుగునాట తెలియనివారు తక్కువ. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ అనే సరంజామాలో బద్దలకూ పట్టీకీ ఒక తర్కం ఉంది. విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే శరీరమే అతికించుకుంటుంది. సిమెంటు కట్టు చేసేదీ ఇదే. అంచు చినుగు సంగతి అలా కాదు. చర్మం, కండరాలు దాటి లోపలున్న ఆ అంచుకు పైన పూసిన పసరు చేరే దారి లేదు.

మరి కట్టు కట్టించుకుని బాగుపడ్డామనేవారి మాట అబద్ధమా? కాదు. వారి అనుభవం నిజం, దానికి చెప్పుకున్న కారణమే పరీక్షకు నిలవాలి. 1978, 1979లో తొలిసారి భుజం జారిన 12 నుంచి 40 ఏళ్ల వారిని స్వీడన్ వైద్యులు 25 ఏళ్లపాటు గమనించారు. కొందరికి మూడు నాలుగు వారాలు చెయ్యి ఒంటికి కట్టి ఉంచారు. కొందరికి స్లింగ్ వేసి, నొప్పి తగ్గగానే తీసేశారు. భుజం మళ్లీ జారడంలో కట్టు వల్ల తేడా కనిపించలేదు. దాదాపు సగం మందికి భుజం మళ్లీ జారనే లేదు, లేదా ఒక్కసారే జారింది. ఆపరేషన్ అవసరమైనవారు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

ఈ లెక్కను ఊరి అనుభవం పక్కన పెడితే చిక్కు విడిపోతుంది. ఏ కట్టు కట్టినా సగం మంది బాగుంటారు. వారు ఆ కట్టును జీవితమంతా మెచ్చుకుంటారు. భుజం మళ్లీ జారినవారు వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లిపోతారు. వారి మాట మొదటివాడి గడపకు చేరదు. కట్టు మహిమ అనిపించేదానిలో చాలాభాగం కాలం, వయసు చేసిన పని. ఇరవైలోపు వయసులో జారితే మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ, నలభై దాటాక బాగా తక్కువ.

అదే ప్రశ్న ఆసుపత్రికీ

హేతువాదం నాటు వైద్యాన్ని ప్రశ్నించి ఆసుపత్రి ముందు చేతులు కట్టుకుని నిలబడితే అది హేతువాదం కాదు. యంత్రం ముద్రించిన కాగితంమీద కూడా మూఢనమ్మకం పుడుతుంది. భుజంలో ఏ బాధా లేని 45 నుంచి 60 ఏళ్ల వారికి ఎంఆర్‌ఐ తీసిన అమెరికన్ అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. ఆ చిత్రాలు చదివిన ఇద్దరు నిపుణుల్లో ఒకరు 55 శాతం మందిలో, మరొకరు 72 శాతం మందిలో పైభాగపు చినుగు ఉందన్నారు. అంటే ఆ వయసులో చినుగు తరచు జుట్టు నెరవడం లాంటి మార్పే. రిపోర్టులో ‘చినుగు’ అన్న మాట ఉన్నంతమాత్రాన నొప్పికి అదే కారణమనీ ఆపరేషన్ తప్పదనీ అనుకోవడం తొందరపాటు.

శస్త్రచికిత్సనూ ఇలాగే పరీక్షించారు. స్లాప్ రెండో రకం గాయమున్న 118 మందిని నార్వే వైద్యులు మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు అంచు కుట్టారు, ఒక జట్టుకు బైసెప్స్ టెండన్‌ను వేరేచోట అతికించారు, మూడో జట్టుకు గాట్లు పెట్టి లోపల ఏ మరమ్మతూ చేయకుండా మూసేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకు చెప్పలేదు. రెండేళ్ల తర్వాత మూడు జట్లూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి. ఈ ఫలితం 2017లో ప్రచురితమైంది.

కాల్చి నయం చేసే పద్ధతి చరిత్ర ఇంకా స్పష్టం. మాటిమాటికీ జారే భుజానికి చంక దగ్గర వాత పెట్టడం ప్రాచీన గ్రీకు వైద్యంలో ఉంది. వాతలు పెట్టే అలవాటు మన పల్లెల్లోనూ ఉండేది. 1990లలో ఆధునిక వైద్యులు సన్నని పరికరంతో కీలు పొరను వేడిచేసి బిగించే పద్ధతి తెచ్చారు. అది కొన్నేళ్లు బాగా ప్రచారం పొందింది. తర్వాత ఫలితాలు లెక్కిస్తే భుజం మళ్లీ వదులవుతున్నదనీ, కొందరిలో మృదులాస్థి కరిగిపోతున్నదనీ తేలింది. పద్ధతిని వదిలేశారు. పొరపాటు ఎవరైనా చేస్తారు. లెక్క రాసుకుని పొరపాటును ఒప్పుకుని వదిలేసే ఏర్పాటు ఉండటమే శాస్త్రాన్ని ఆచారం నుంచి వేరుచేస్తుంది.

నిలబడిన వైద్యం

భుజం జారిన వెంటనే చేతిని ఒంటికి ఆనించి కదలకుండా ఉంచి, ఎక్స్‌రే సౌకర్యమున్న చోటికి తీసుకెళ్లాలి. నరం, నాడి పనిచేస్తున్నాయో లేదో చూసి, నొప్పి తగ్గించే మందిచ్చి నెమ్మదిగా కూర్చోబెడతారు. తర్వాత మరోసారి ఎక్స్‌రే తీస్తారు. చెయ్యి ఎత్తి వెనక్కి తిప్పితే జారిపోతుందేమోనని రోగి బెదరడం ముందువైపు చినుగుకు మంచి సూచన. చినుగును వివరంగా చూడాల్సినప్పుడు కీలులోకి రంగుమందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ ఎక్కువ స్పష్టత ఇస్తుంది.

జారకుండా నొప్పి మాత్రమే ఉన్న పైభాగపు చినుగుకు మొదటి చికిత్స వ్యాయామం. బాధపెట్టే పని కొంతకాలం ఆపి, అవసరమైతే నొప్పి మాత్రలు వాడి, భుజం చుట్టూ ఉండే చిన్న కండరాలనూ రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలనూ ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మూడు నెలల దాకా బలపరచాలి. చాలామందికి ఇది సరిపోతుంది. అంచు అతుక్కోకపోయినా కండరాలు దాని పనిలో కొంత పంచుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతేనే ఆపరేషన్ ఆలోచన. నలభై దాటినవారికి అంచు కుట్టడం కంటే బైసెప్స్ టెండన్‌ను జరిపి అతికించడానికే వైద్యులు మొగ్గుతారు.

పదేపదే జారే భుజం సంగతి వేరు. వయసులో ఉండి ఆటలాడేవారికి ఆపరేషన్ ప్రయోజనం గట్టిగానే రుజువైంది. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, ఎముకలో దారపు మేకులు దిగ్గొట్టి, ఊడిన అంచును మళ్లీ గుంటకు కుడతారు. గుంట ఎముక అయిదో వంతో అంతకంటే ఎక్కువో అరిగి ఉంటే కుట్టు నిలవదు. అప్పుడు పక్కనున్న ఎముక ముక్కను అక్కడికి జరిపి స్క్రూలతో బిగిస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన లాటార్జే 1954లో చెప్పిన పద్ధతి ఇది. ఏ ఆపరేషన్ తర్వాతైనా కొన్ని వారాల స్లింగ్, నెలల వ్యాయామం తప్పవు. ఒడిసిపట్టే ఆటలకు తిరిగి వెళ్లడానికి సాధారణంగా ఆరు నెలలు పడుతుంది.

ఆసుపత్రి దూరమై, ఖర్చుకు భయపడి, కూలి పోతుందని ఆగలేక నాటు కట్టు దగ్గరికి వెళ్లేవారిది తెలివితక్కువతనం కాదు. వారికి అందుబాటులో ఎక్స్‌రే, ఫిజియోథెరపీ ఉండాలి. వాటితోపాటు ఏ వైద్యుణ్నయినా అడగగలిగే ప్రశ్న ఒకటి ఉండాలి: ఈ వైద్యం చేయించుకోకపోతే ఏమవుతుంది? పసరు కట్టేవాడైనా కెమెరాతో కుట్టేవాడైనా దానికి జవాబు చెప్పాల్సిందే.