శిక్షణ పేరిట జీతగాళ్లను చేయొద్దు

లింగాల మండలంలో అరటి, చీనీ తోటల మీద బతికే ఇళ్ల పిల్లలు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్టీయూ కాలేజీలోనో చదువుకుని బెంగళూరు బస్సెక్కుతున్నారు. అక్కడ కొన్ని కంపెనీలు ఉద్యోగపత్రంతో పాటే బాండు కాగితం ముందు పెడుతున్నాయి. రెండేళ్లో మూడేళ్లో ఉండాలి, ముందే మానేస్తే శిక్షణ ఖర్చు లక్షల్లో కట్టాలి. దానికి తండ్రి జామీను సంతకం. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో! ఇది అన్యాయం. ప్రభుత్వం దీన్ని ఆపాలి.

సుప్రీంకోర్టే ఒప్పుకుంది కదా అని కంపెనీలు అంటాయి. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో జస్టిస్ పమిడిఘంటం శ్రీ నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం రూ.2 లక్షల బాండును సమర్థించిన మాట నిజం. అయితే అక్కడ మానేసింది సీనియర్ మేనేజర్. ప్రభుత్వ రంగ బ్యాంకు ఆ ఖాళీ నింపాలంటే మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి ఎంపిక చేయాలి. ఆ హోదాలో ఉన్నవారికి రాజీనామానే అసాధ్యం చేసేంత మొత్తం కాదది. కోర్టు ఇవన్నీ తూచింది. ఫోన్ల మీదే మరొకరిని పిలిపించుకోగల ప్రైవేటు కంపెనీకి, తొలి జీతమైనా చూడని కుర్రాడికి ఆ తూకమే ఎలా సరిపోతుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసుకున్న అంకె పైహద్దు మాత్రమే. అందులోపు సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ఈ సంగతి ఆ పిల్లలకు చెప్పేవారేరీ?

డబ్బు పోసి బయట కోర్సు చేయించిన యజమాని నష్టాన్ని మేం కాదనం. బిల్లులు చూపి అడగనివ్వండి, పనిచేసిన ప్రతి నెలకూ ఆ బాకీ తగ్గాలి. సీనియర్ పక్కన కూర్చోబెట్టి కంపెనీ పని నేర్పడం మాత్రం కంపెనీ ఖర్చే. చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన శిక్షణ ఉచితంగా ఇవ్వాలని ఐరోపా సమాఖ్య 2019లోనే ఆదేశించింది. మనవాళ్లు వేలల్లో పనిచేస్తున్న కాలిఫోర్నియాలో, ముందే మానేస్తే డబ్బు కట్టాలనే ఒప్పందాలను కొన్ని మినహాయింపులతో 2026 జనవరి 1 నుంచి నిషేధించారు.

సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోవడాన్ని మన రాష్ట్రం శిక్షార్హమైన నేరంగా చేయాలి. చట్టం వచ్చేదాకా కాలేజీలు ఆగనక్కర్లేదు. ప్లేస్‌మెంట్‌కు వచ్చే ప్రతి కంపెనీ బాండు కాగితాన్ని ముందే తెప్పించుకుని చదవాలి. ఒరిజినల్స్ అడిగే కంపెనీని క్యాంపస్‌లోకి రానివ్వకూడదు.