మంట మారితే నీరు శుభ్రపడునా?

అద్దకపు పరిశ్రమకు కొత్త మంత్రం ఒకటి దొరికింది. దాని పేరు మైక్రోవేవ్. గంటసేపు ఉడకవలసిన రంగునీరు కొద్ది నిమిషాల్లో పని ముగిస్తుందని, ఇంధనం మిగులుతుందని, పర్యావరణానికి మేలు జరుగుతుందని దాని పక్షాన వాదించేవారు చెబుతున్నారు. ఎదుటి పక్షాన మరికొందరు కట్టెల పొయ్యి, రాగి గుండిగ లేనిదే సంప్రదాయం నిలవదంటున్నారు. ఉభయుల వాదమూ ఒకే పొరపాటు మీద ఆధారపడి ఉంది. అద్దకంలోని సమస్య అంతా వేడి పుట్టే చోటనే ఉన్నదని ఇద్దరూ నమ్ముతున్నారు. అసలు సమస్య నీటిలో ఉంది. ఆ సంగతి మరచి ప్రజాధనం వెచ్చిస్తే పొయ్యి మారుతుందే తప్ప వాగులో పారే రంగు మారదు.

ముందుగా ఆ యంత్రం ఏమి చేస్తుందో చూడాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ కోసం అభివృద్ధి చేసిన మాగ్నెట్రాన్ గొట్టానికి ఆహారాన్ని వేడిచేసే శక్తి ఉన్నదని అమెరికాలో పెర్సీ స్పెన్సర్ 1945లో గుర్తించాడు. సాధారణంగా 2450 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల ఈ తరంగాలు నీటి అణువులను క్షణానికి కోట్ల మార్లు ఇటూ అటూ తిప్పుతాయి. ఆ కదలికే వేడిగా మారుతుంది. పొడి నూలు గాని, పొడి పాలియెస్టర్ గాని ఈ తరంగాలను పెద్దగా గ్రహించవు. వేడెక్కేది ప్రధానంగా నీరే. ఈ తరంగాలకు రంగును పోగులోకి దింపే ప్రత్యేక శక్తి ఏదో ఉన్నదనే ప్రచారానికి బలమైన ఆధారం లేదు. మైక్రోవేవ్ కణానికి ఉండే శక్తి, ఒక రసాయన బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తిలో లక్షో వంతు కూడా కాదు. కనుక ఇది కూడా ఒక పొయ్యియే. మంట కనిపించని పొయ్యి.

పొయ్యి అన్న తరువాత లెక్క చూడక తప్పదు. అయిదు కిలోల నూలు బట్టకు ఇరవై రెట్ల నీరు పోసి అద్దితే వంద లీటర్లు కావాలి. ఆ నీటిని 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెల్సియస్ వరకూ తేవడానికి సుమారు 7 యూనిట్ల శక్తి అవసరం. ఈ సంఖ్య పొయ్యిని బట్టి మారదు. అది ప్రకృతి నియమం. నీటికి 800 వాట్ల శక్తిని అందించే ఇంటి మైక్రోవేవ్ ఆ పని చేయడానికి ఎనిమిదిన్నర గంటలకు పైగా పడుతుంది. పైగా తీసుకున్న విద్యుత్తులో మూడో వంతు లేదా అంతకన్న ఎక్కువ భాగం ఆ యంత్రంలోనే వృథా అవుతుంది. అంటే 7 యూనిట్ల వేడికి 11 యూనిట్ల విద్యుత్తు చెల్లించాలి. నీటిలో ముంచే మామూలు హీటరు కడ్డీ దాదాపు మొత్తం విద్యుత్తును నీటికే ఇస్తుంది. దేశంలో విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుంచే వస్తున్నది. బొగ్గులోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. ఆ లెక్కన 11 యూనిట్ల వెనుక 33 యూనిట్ల మంట ఎక్కడో మండుతున్నది. అద్దకశాలలో పొగ లేకపోవడం నిజమే. పొగ ఊరు మారింది.

అయితే ప్రయోగశాలల్లో ఆదా కనిపిస్తున్న మాట అబద్ధమా? కాదు, దానికి చెప్పే కారణం సరైనది కాదు. ఒక పక్క కొద్ది గ్రాముల బట్టను రంగులో తడిపి, పిండి, మైక్రోవేవ్‌లో ఉంచుతారు. రెండో పక్క అదే బట్టను నిండు నీటిపాత్రలో గంటసేపు ఉడికిస్తారు. ఈ రెంటిలో మారింది వేడి ఒక్కటే కాదు, నీటి పరిమాణం కూడా. అయిదు కిలోల బట్టను రంగులో ముంచి రోలర్ల మధ్య పిండితే అందులో నిలిచే నీరు సుమారు నాలుగు కిలోలు. దాన్ని 90 డిగ్రీలకు తేవడానికి బట్ట వేడితో కలిపినా అర యూనిట్ కూడా అక్కరలేదు. 7 యూనిట్లు అర యూనిట్ లోపుకు దిగడానికి కారణం వంద లీటర్లు నాలుగు లీటర్లు కావడమే. అదే తడిబట్టను ఆవిరిలో ఉంచినా ఈ ఆదాలో అధికభాగం దక్కుతుంది. నీటికి దక్కవలసిన కీర్తిని యంత్రం ఖాతాలో జమ చేయడం శాస్త్రం అనిపించుకోదు.

ఇంతకన్న ఇబ్బందికరమైన నిజం మరొకటి ఉంది. ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థ 1956లో మార్కెట్‌లోకి తెచ్చిన ప్రోసియాన్ రంగులతో రియాక్టివ్ రంగుల యుగం ఆరంభమైంది. వాటిలో చల్లని నీటి రకాలు 30, 40 డిగ్రీల దగ్గరే నూలుతో బంధం ఏర్పరచుకుంటాయి. కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ అనే పద్ధతిలో బట్టను రంగులోనూ క్షారంలోనూ ముంచి, పిండి, చుట్టచుట్టి, ప్లాస్టిక్ కాగితం కప్పి కొన్ని గంటలు నెమ్మదిగా తిప్పుతూ ఉంచితే చాలు. రంగు పట్టడానికి పొయ్యి అక్కరలేదు, తొట్టి అద్దకంలో లీటరుకు పదుల గ్రాముల చొప్పున పోసే ఉప్పూ అక్కరలేదు. వేడే అవసరం లేని పద్ధతి చేతిలో ఉండగా, వేడిని త్వరగా పుట్టించే యంత్రాన్ని హరిత విప్లవంగా కీర్తించడం విచిత్రం.

తొందర కూడా అన్నివేళలా గుణం కాదు. రంగు ముందు పోగు పైభాగానికి అంటుకుంటుంది. మెల్లగా లోపలికి దిగుతుంది. ఎక్కువ పట్టిన చోటు నుంచి తక్కువ పట్టిన చోటికి కదులుతుంది. అందుకే అనుభవజ్ఞులు తొట్టి వేడిని నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతారు. ఆ నిదానం సోమరితనం కాదు. బట్ట అంతటా ఒకే చాయ రావడానికి చెల్లించే మూల్యం. నీటిలో మైక్రోవేవ్ చొచ్చుకుపోయే లోతు కొద్ది సెంటీమీటర్లే. ఉప్పు కలిసిన నీటిలో అది ఇంకా తగ్గుతుంది. చిన్న బీకరులో సమానంగా అందిన వేడి పెద్ద తొట్టిలో అలాగే అందుతుందని అనుకోవడానికి వీలులేదు.

తెలుగు నేల మీది అద్దకాన్నే తీసుకుంటే విషయం మరింత స్పష్టమవుతుంది. మచిలీపట్నం, పెడన ప్రాంతపు కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసిన ద్రవంతో నల్ల గీతలు, పటిక ద్రవంతో ఎర్రని పూలు రావలసిన చోట్లు అచ్చువేస్తారు. పారే నీటిలో ఉతికి, ఆ తరువాతే ఎరుపు రంగుతో ఉడికిస్తారు. ఇన్ని దశల్లో పొయ్యి పాత్ర ఒకటి రెండింటికే పరిమితం. తక్కినదంతా ఎండ, ప్రవాహం, ఓర్పు. నీలిమందు తొట్టికి మరుగుడే అక్కరలేదు. రంగు తేలేది గాలి సోకినప్పుడు. ఇక రాగి గుండిగలోకి మైక్రోవేవ్ చొరనే చొరదు. లోహం దాన్ని తిప్పికొడుతుంది. ఈ కళకు నేడు కావలసింది శుభ్రంగా పారే నీరు. ఆ కొరతను తీర్చే యంత్రం ఇది కాదు.

నీటిని మరచిన అభివృద్ధి ఎక్కడికి చేర్చుతుందో తమిళనాడులోని తిరుప్పూరు చూపింది. అక్కడి అద్దకశాలల నుంచి వెలువడిన ఉప్పు, రంగు నొయ్యల్ నదిని, ఒరత్తుపాళయం జలాశయాన్ని పాడుచేశాయి. దిగువ రైతుల పొలాలు చెడిపోయాయి. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు, చలువ చేసే యూనిట్లను మూసివేయాలని ఆదేశించింది. ఆ యూనిట్లు మూతపడింది వ్యర్థజలం వల్ల. రియాక్టివ్ రంగుల్లో చెప్పుకోదగిన భాగం నూలును వదలి నీటితోనే చర్య జరిపి వ్యర్థమవుతుంది. అది కడుగుడు నీటితో బయటికి పోతుంది. వేడి పెంచితే నూలుతో చర్య ఎంత వేగిరపడుతుందో నీటితో చర్య కూడా అలాగే వేగిరపడుతుంది. అద్దిన బట్టను పదే పదే కడగడానికి పట్టే నీటిని ఏ మాగ్నెట్రానూ తగ్గించలేదు.

ఇంతమాత్రాన కట్టెల పొయ్యిని సమర్థించినట్లు కాదు. మూడు రాళ్ళ పొయ్యి కట్టెలోని శక్తిలో పదో వంతుకు కొంచెం మించి మాత్రమే పాత్రకు అందిస్తుంది. మిగిలినది పొగగా, వృథా వేడిగా పోతుంది. ఆ పొగ పీల్చే పనివాని ఊపిరితిత్తులను సంస్కృతి పేరిట బలిపెట్టడం సంస్కృతి కాదు. సంప్రదాయం అంటే పటిక, కరక్కాయ, చేతి నైపుణ్యం. కళ్ళ మంట కాదు. పొగగొట్టం గల మెరుగైన పొయ్యి, ఎండతో నీటిని ముందే కాచే పరికరం సంప్రదాయానికి ఏ హానీ చేయవు. నీరు 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు సూర్యుని ఖర్చుతో చేరితే, 90 డిగ్రీలకు చేరడానికి కావలసిన ఇంధనంలో సగం మిగులుతుంది.

మైక్రోవేవ్‌కు దాని స్థానం దానికి ఉంది. తడి ఉన్న చోటనే వేడి పుట్టడం ఆరబెట్టే పనిలో గొప్ప గుణం. ఇదే సూత్రం మీద పనిచేసే రేడియో తరంగాల యంత్రాలు నూలును ఆరబెట్టడానికి మిల్లుల్లో ఇప్పటికే ఉపయోగపడుతున్నాయి. అచ్చువేసిన రంగును స్థిరపరచడంలోనూ, ఆకుల నుంచి, బెరళ్ళ నుంచి రంగు తీయడంలోనూ దీన్ని పరీక్షించడం సమంజసమే. అభ్యంతరం పరిశోధనకు కాదు. పరిశోధన ముగియకముందే, నిమిషాల లెక్క ఒక్కటే చూపి, పనివారి చేతిలో యంత్రం పెట్టడానికే అభ్యంతరం.

కాబట్టి ఇటువంటి ప్రతిపాదన బల్లమీదికి వచ్చినప్పుడు అధికారులు అడగవలసిన ప్రశ్నలు స్పష్టం. కిలో బట్టకు కడుగుడుతో సహా ఎన్ని లీటర్ల నీరు? ఎంత ఉప్పు? ఎన్ని యూనిట్ల విద్యుత్తు? వేసిన రంగులో బట్టకు పట్టినది ఎంత, కాలువలో కలిసినది ఎంత? ఉతుకుకు, ఒరిపిడికి, ఎండకు రంగు నిలకడ ఏపాటిది? పోల్చిన రెండు పద్ధతుల్లోనూ నీరు, ఉష్ణోగ్రత సమానమేనా? యంత్రం పాడైతే బాగుచేసేవాడు ఏ ఊళ్ళో ఉన్నాడు? వీటికి సమాధానం లేని ప్రతిపాదన ఎంత ఆధునికమైనా తిరస్కరింపదగినదే.

2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ వృత్తుల్లో ఉన్నవారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారి పేరిట మంజూరయ్యే ప్రతి రూపాయి ముందుగా నీటిని శుద్ధిచేసే తొట్టికి, ఉప్పు అవసరాన్ని తగ్గించే పద్ధతికి, పొగలేని పొయ్యికి, శిక్షణకు చేరాలి. ఆ తరువాత మిగిలితే మైక్రోవేవ్ మాట ఆలోచించవచ్చు. అద్దకశాల దిగువన ఉన్న రైతుకు రంగు ఎన్ని నిమిషాల్లో పట్టిందో అక్కరలేదు. తన బావిలోకి ఏమి వచ్చిందో కావాలి. ఏ యంత్రం విలువనైనా ఆ బావి దగ్గరే తేల్చాలి.