హద్దు దాటిన అంకె - స్తంభించిన సేవలు

2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆనాడు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. ఇది సైబర్ దాడి కాదు. కంప్యూటర్లకు రక్షణ కల్పించే అమెరికన్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఫైలే ఇందుకు కారణం. కంచే చేను మేసిన చందమిది.

లోపం చిన్నదే. ఆ సంస్థ ప్రోగ్రాముకు అందిన విలువలు 20. కొత్త ఫైలు 21వ విలువను కూడా పరిశీలించమన్నది. హద్దు చూసుకోకుండా ప్రోగ్రాము తనది కాని మెమరీ స్థానాన్ని చదవబోయింది. సాధారణ ప్రోగ్రాములో ఇటువంటి పొరపాటు జరిగితే అదొక్కటే ఆగిపోతుంది. కానీ ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో పనిచేస్తున్నందున యంత్రం యావత్తూ కుప్పకూలింది.

ఫైలును 78 నిమిషాలలోనే ఉపసంహరించారు. హద్దును సరిచూసే ఏర్పాటును వారం తిరగకుండానే చేర్చారు. అయితే అప్పటికే నిలిచిపోయిన యంత్రాలలో అనేకం వాటంతట అవి కోలుకోలేదు. సిబ్బంది ఒక్కొక్కదాని వద్దకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది.

మారుమూల ప్రాంతాలకు ఇదే అసలు సమస్య. ఉదాహరణకు అండమాన్‌లో శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) రేవుకు ఆవలి ఒడ్డున హోప్ టౌన్ ఉన్నది. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో అండమాన్ దీవులకు ప్రారంభమైంది. ఇటువంటి చోటికి లోపభూయిష్టమైన ఫైలు కేబుల్ ద్వారా క్షణాలలో చేరగలదు. దానిని సరిచేసే నిపుణుడు మాత్రం నీరు దాటి రావలసిందే.

నాడు మన దేశంలో 10 బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌ను వాడే బ్యాంకులు కొద్దే కావడం ఇందుకొక కారణం. దీనిని మన సంసిద్ధతగా భావించరాదు.

భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ వెలుపల నడిపే మార్గాన్ని రూపొందిస్తామని మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో ప్రకటించింది. ఇది స్వాగతించదగిన పరిణామం. అయినప్పటికీ ప్రజాసేవలు నిర్వహించే సంస్థలు అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోరాదు. మార్పులను ముందుగా కొద్ది యంత్రాలపై పరీక్షించి, ఆపై దశలవారీగా విడుదల చేయాలనే షరతును కొనుగోలు ఒప్పందంలోనే చేర్చాలి. దూరప్రాంతాలలో మరమ్మతు చేయగల స్థానిక సిబ్బందిని సిద్ధం చేయాలి. హద్దును సరిచూసే పనికి పట్టేది కొద్ది పంక్తులే. దానిని విస్మరించినందుకు మూల్యం చెల్లించేది మాత్రం వరుసలో నిలబడిన సామాన్యుడు.