పాఠశాలకు నెట్టి కంప్యూటర్లు గావలెను?

కంప్యూటరు గది యనగానే ప్రతి బల్లకు నొక సంపూర్ణ యంత్రము గొనవలెనని తలిదండ్రులు తలంచుచుందురు. మే మందుల కేకీభవింపజాలము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలకు డిస్కు లేని చిన్న యంత్రములును, వానికి దిక్కైన యొక్క మంచి సర్వరును జాలునని మా యభిప్రాయము.

ఇట్టి యంత్రము మీట నొక్కగనే, తనలో నేమియు నుండదు గావున, నెట్‌వర్కు తీగ వెంట సర్వరును బిలుచును. సర్వరు దానికొక చిరునామాను, తెచ్చుకొనవలసిన ఫైలు పేరును దెలుపును. అంతట లినక్సు కెర్నెలు తీగగుండ వచ్చి జ్ఞాపకమున నిలుచును. తక్కిన దంతయు సర్వరునందే యుండి, కావలసినప్పుడు కావలసినంత వచ్చుచుండును. 1999లో నారంభమైన ఎల్.టి.ఎస్.పి. యను స్వేచ్ఛా సాఫ్టువేరు ఈ పనికొఱకే పుట్టినది. 2019లో దానిని మొదటినుండియు దిరిగి వ్రాసిరి. గ్రీసుదేశపు పాఠశాలలలో నది వాడుకయందున్నది. ఉపాధ్యాయు డొక ప్రోగ్రామును సర్వరున నొకమారు చేర్చిన, నన్ని బల్లలకు నందును. పిల్లవాడు దేనినైన జెఱచినచో, యంత్రము నార్పి వెలిగించిన యథాస్థితికి వచ్చును.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 5000 పాఠశాలలలో నొక కంప్యూటరును బలువురు పంచుకొను విధానమును బ్రవేశపెట్టినది. అందు బల్లమీద తెరయు, కీబోర్డును, చిన్న పెట్టెయు మాత్రమే. పనియంతయు నా యొక్క కంప్యూటరే చేయవలెను. మేము చెప్పుదానియందు వ్యవస్థ సర్వరునుండి వచ్చినను, పని బల్లమీది యంత్రమే చేసికొనును.

విద్యుత్తు మాట: 2016లో వెలువడిన రాస్ప్‌బెరీ పై 3 కార్డు లేకయే నెట్‌వర్కునుండి మొదలుకాగలదు, తెరను మినహాయించిన నయిదారు వాట్లకు మించి కోరదు. అట్టివి పది కలిసినను పాత సీలింగు ఫ్యానుకంటె నెక్కువ గాదు. 1983లోనే రామగుండమున ఎన్.టి.పి.సి. తొలి యూనిట్టు వెలిగి దూరపు పట్టణములకు గరెంటు పంపినది గాని, వేసవి గాలిదుమారమునకు మన పల్లెల తీగలు తెగుట మానలేదు!

అయితే సర్వరు పడిపోయిన నన్ని బల్లలు నొక్కసారి గ్రుడ్డివగును. ఇది చిన్న దోషము గాదు. కావున బల్లలపై మిగిల్చిన ధనమును సర్వరుపై వ్యయింపవలెను: ఒకే విషయమును భద్రపఱచు రెండు డిస్కులు, సర్వరునకును స్విచ్చికిని బ్యాటరీ, గోడవెంట గట్టి తీగలు. వైఫైని నమ్ముకొనరాదు. వీడియో కూర్పువంటి బరువు పనులకు వేఱుగ నొక పెద్ద యంత్రము నుంచవలసినదే.

అన్నిటికంటె ముఖ్యము, దీని నెఱిగినవారు బడిలోనే యుండుట. ప్రతి మరమ్మతునకు హైదరాబాదు నుండి మనిషి రావలెనన్న పాఠములు నిలిచిపోవును. ఇద్దఱుపాధ్యాయులకును, తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురికిని దీనిని నేర్పి, చేసిన ప్రతి మార్పును దెలుగున నొక నోటుపుస్తకమున వ్రాయింపవలెను. పాత కంప్యూటర్లను దుకాణమునకు దూచి యమ్మకమునుపు, వానిలో నాలుగింటి డిస్కులు దీసి, వచ్చు వేసవి సెలవులలో నీ పద్ధతిని బరీక్షింపుడని పాఠశాల కార్యవర్గమును గోరుచున్నాము.