‘ఠ’లో చుక్క ఎక్కడికి పోయింది?

కిందటి సంవత్సరం యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్న ప్రశ్నకు ఒక అబ్బాయి ‘కుడి జరరిక’ అని రాశాడు. తొందరలో చుక్క మరిచిపోయి ఉంటాడనుకున్నాను. ఇంకో రెండు పేపర్లు తిప్పేసరికి అక్కడా ‘జరరిక’! అలా రాసినవారు మొత్తం ఏడుగురు తేలారు. చూసిరాత అని అనుమానించి పిలిచి నిలదీశాను. “మీరు పెట్టిన బొమ్మలో అలాగే ఉంది, మాస్టారూ” అని ఒక అమ్మాయి ఫోను తీసి చూపించింది. నిజమే. ‘ఠ’లోని చుక్క మాయమై ‘ర’ మిగిలింది.

ఆ బొమ్మ గీసిందీ నేనే, పెట్టిందీ నేనే. కాబట్టి ఆ ఏడుగురికీ మార్కులు వేసేశాను. ఆ చుక్క ఎలా పోయిందో మీకూ చెప్పడం మంచిదనిపించింది. ఎందుకంటే ఈ రోజుల్లో మీరు కూడా ప్రాజెక్టుల కోసం కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తున్నారు గదా.

బొమ్మను కంప్యూటర్‌లో దాచడానికి రెండు పద్ధతులున్నాయి. మన పత్రికల్లో ముగ్గులు వేసేటప్పుడు కింద ‘11 చుక్కలు, 11 వరుసలు’ అని రాస్తారు. ఆ లెక్క, కలిపే తీరు తెలిస్తే చాలు. చిన్న గుమ్మం ముందైనా, పెద్ద వాకిలి నిండుగానైనా అదే ముగ్గు వేయవచ్చు, గీత ఎక్కడా చెదరదు. అదే ముగ్గును ఫోటో తీసి, ఆ ఫోటోను వాకిలంత పెద్దది చేస్తే? అంతా అలుక్కుపోతుంది. మొదటిది వెక్టర్ బొమ్మ. అందులో ఉండేది బొమ్మ కాదు, ‘ఇక్కడినుంచి అక్కడికి ఇంత వంపుతో గీత గీయి’ అనే ఆదేశం. 2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్.వి.జి. ఫైళ్ళు ఇలాంటివే. రెండోది పిక్సెళ్ళ బొమ్మ, అంటే గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ ఒక రంగు పూసినట్టు. వెక్టర్ బొమ్మనుంచి పిక్సెళ్ళ బొమ్మను తయారుచేయడాన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు. నేను తప్పు చేసింది అక్కడే, అదీ రెండుసార్లు.

గుండె బొమ్మను ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఏ4 కాగితం కొలతలో, మా బడి పత్రిక కోసం గీశాను. ప్రెస్సువారు 300 డి.పి.ఐ. కావాలన్నారు. అంటే కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు. ఆ లెక్కన ఏ4 కాగితం 2480 పిక్సెళ్ళ వెడల్పు, 3508 పిక్సెళ్ళ ఎత్తు అవుతుంది. అచ్చు చక్కగా వచ్చింది. అదే ఫైలును బడి వెబ్ పేజీలో కూడా పెట్టేశాను.

పాత ఫోన్లున్న పిల్లలు పేజీ కదలడం లేదన్నారు. ఎందుకో లెక్క వేయండి. 2480ని 3508తో గుణిస్తే సుమారు 87 లక్షల పిక్సెళ్ళు. ఫైలును ఎంత కుదించి దాచినా, తెర మీద చూపే ముందు ఫోను ఆ పిక్సెళ్ళన్నిటినీ విప్పుకోవాలి. ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున దాదాపు మూడున్నర కోట్ల బైట్లు. ఒక్క గుండె బొమ్మకు! అంగుళానికి 300 అన్నది కాగితానికి చెందిన లెక్క. వెబ్ పేజీకి దానితో పని లేదు, మొత్తం ఎన్ని పిక్సెళ్ళన్నదే ముఖ్యం.

ఇక రెండో తప్పు. చాలా ఫోన్లలో వెబ్ పేజీ వెడల్పును 360గా లెక్కిస్తారని ఎక్కడో చదివి, ఆ పెద్ద బొమ్మను 360 పిక్సెళ్ళకు కుదించి పెట్టాను. పేజీ క్షణంలో తెరుచుకుంది. చాలా సంతోషించాను. కాని అలాంటి ఫోను తెర మీద నిజంగా ఉండేవి అడ్డంగా 1080 పిక్సెళ్ళు కావచ్చు. 360 లెక్కలో ఒక్కో పాలుకు మూడేసి పిక్సెళ్ళన్నమాట. నా బొమ్మను ఫోను మూడింతలు సాగదీసి చూపించింది. అంతకంటె పెద్ద నష్టం కుదించినప్పుడే జరిగిపోయింది. మొదట 50 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం 360/2480 నిష్పత్తిలో తగ్గి 7 పిక్సెళ్ళకు వచ్చింది. 3 పిక్సెళ్ళ మందమున్న గీత అర పిక్సెల్ కూడా లేదు. అర పిక్సెల్‌ను నల్లగా చూపడం సాధ్యం కాదు కనుక కంప్యూటర్ దానిని బూడిద రంగులోకి మార్చేస్తుంది.

ఇప్పుడు ఒక గ్రాఫ్ కాగితం తీసుకొని గళ్ళు నింపుతూ ‘ఠ’ రాసి చూడండి. మొత్తం ఎత్తు 5 గళ్ళు మించకూడదు. తలకట్టుకు 2 గళ్ళు పోతే కింద సున్నకు మిగిలేవి 3. మూడు గళ్ళ సున్నలో లోపల ఖాళీ ఒక్క గడి. అందులో చుక్క పెడితే అది నల్లని ఉండ అయిపోతుంది, పెట్టకపోతే ‘ర’ అవుతుంది. చుక్క చుట్టూ ఖాళీ మిగలాలంటే సున్నకు కనీసం 5 గళ్ళు, తలకట్టుతో 7 కావాలి. ఇక ‘కర్ణిక’ రాయండి! పైన గుడి, కింద ణ వత్తు. వాటికీ చోటు కావాలి గదా. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తు మన అక్షరాలకు చాలదు. (‘గ్రంథి’ని ‘గ్రంధి’ అని రాసేవాళ్ళు మాత్రం పిక్సెళ్ళ మీదికి నెట్టకండి. ఆ తప్పు కంప్యూటర్ల కంటె పాతది.)

ఈ విషయంలో నా సహోపాధ్యాయులు కొందరు నాతో ఏకీభవించరు. “పిల్లలు రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటారు లెండి, ఎందుకింత హైరానా?” అంటారు. 360 పిక్సెళ్ళ బొమ్మను ఎంత పెద్దది చేసినా పోయిన చుక్క తిరిగి రాదు. పెద్ద బొమ్మలో అయితే చుక్క కనిపిస్తుంది, కాని అప్పుడు తెర మీద జఠరిక ఒక్కటే ఉంటుంది. అది కర్ణికకు కింద ఉందనీ, బృహద్ధమని దానినుంచే బయలుదేరుతుందనీ ఒక్క చూపులో తెలియాలి. బొమ్మ ఉన్నది అందుకే. ఇంకొందరు ఇతరులు పెట్టిన బొమ్మకు స్క్రీన్‌షాట్ తీసి, దానిని మళ్ళీ పంపి, అది మరొకరు స్క్రీన్‌షాట్ తీసి… అలా తిరిగి తిరిగి వచ్చిన బొమ్మతో పాఠం చెబుతారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ దానికంటె వెయ్యి రెట్లు మేలని నా అభిప్రాయం.

బొమ్మ గీయడానికి కూర్చున్నప్పుడే ‘దీనిని ఎంత వెడల్పులో చూస్తారు?’ అని అడగాలి. గీయడం పూర్తయ్యాక కాదు. నేను మూడోసారి చేసింది అదే. ఏ4 కాగితం 21 సెం.మీ. వెడల్పు, ఫోను తెర సుమారు 7 సెం.మీ. అంటే మూడో వంతు. కాగితం మీద 4 మి.మీ. ఉన్న అక్షరం ఫోను మీద 1.3 మి.మీ. అవుతుంది. పిక్సెళ్ళు ఎన్ని ఇచ్చినా కన్ను దానిని సుఖంగా చదవలేదు. అందుచేత అసలు వెక్టర్ ఫైలుకు ఒక ప్రతి తీసి, అందులో పేర్లను రెట్టింపు చేశాను. గీతల మందం పెంచాను. ఫోను మీద ఎలాగూ కనిపించని సన్న రక్తనాళాలు కొన్ని తీసేశాను. ఆ తరువాత చుట్టూ ఉన్న తెల్లకాగితం వదిలి, బొమ్మను మాత్రమే ఎన్నుకొని, ఎక్స్‌పోర్ట్‌లో వెడల్పు 1080 అని వేశాను. ఎత్తూ డి.పి.ఐ.యూ వాటంతట అవే మారాయి. పి.ఎన్.జి.గా దాచాను. ఫోటోలకు బాగుండే జె.పి.ఇ.జి. పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ళ ముక్కలుగా తీసుకొని కుదిస్తుంది. అందువల్ల నల్లని గీతల అంచున దుమ్ము పడ్డట్టు మరకలు వస్తాయి. పేర్లున్న రేఖాచిత్రానికి అది పనికిరాదు.

నిలువు 1530 పిక్సెళ్ళున్నా మొత్తం పదహారున్నర లక్షలే. మొదటిదానిలో అయిదో వంతు.

కొత్త బొమ్మ పెట్టే ముందు, జఠరిక తప్పు దొరకబుచ్చిన ఆ అమ్మాయికే చూపించాను. వాళ్ళ ఇంట్లో ఉన్నది పాత ఫోను, గాజు కూడా పగిలింది. చేయి చాచినంత దూరంలో పట్టుకొని పేర్లన్నీ వరుసగా చదివింది. ఒక్క ‘పుపుస సిర’ దగ్గర ఆగి, గీత ధమనిని చూపిస్తోందా, సిరనా అని అడిగింది. చూస్తే, పేర్లు పెద్దవి చేసినప్పుడు ఆ గీత చివర కొంచెం జరిగింది. మళ్ళీ వెక్టర్ ఫైలు తెరిచి దానిని సరిచేసి, ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేశాను.