పూత మీద అమ్మే ఆటలు

ఈ గోడ పత్రికలో నేను సగం వ్యాసం అంటించి, "మిగతాది రాస్తున్నాను, వచ్చే ఏడాదికల్లా అయిపోవచ్చు, మార్కులు మాత్రం ఇప్పుడే పూర్తిగా వేసెయ్యండి మేడమ్" అని అడిగితే ఎలా ఉంటుంది? క్లాసంతా నవ్వుతుంది. మేడమ్ నవ్వరు కూడా. కానీ సరిగ్గా ఇదే బేరం వీడియో గేముల దుకాణాల్లో రోజూ జరుగుతోంది. ఇంకా తయారీలో ఉన్న గేమ్‌కి ధర కట్టి అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. ఇలా అమ్మొచ్చా? ముఖ్యంగా టీవీకి తగిలించి ఆడే కన్సోళ్ళ మీద అమ్మొచ్చా?

ఆటల సంగతి తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఎందుకు అనేవాళ్ళకి ఒక్క మాట. ఇది ఆట గురించి కాదు, కొనేవాళ్ళ డబ్బు గురించి, అమ్మేవాళ్ళ మాట గురించి. అబ్బాయిల వ్యవహారం అనుకునేవాళ్ళు మన హాస్టల్‌లో ఒక ఆదివారం సాయంత్రం తిరిగి చూడండి. ఎంతమంది చేతుల్లో ఏ గేమ్ నడుస్తోందో తెలుస్తుంది.

కన్సోల్ అంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ లాంటి యంత్రాలు. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు. అప్పట్లో సోనీ సొంత కొత్త గేములు కొన్ని ఒక్కోటి 4,999. మా హళ్ళిఖేడ్‌లో ఆ డబ్బుకి ఎన్ని పనులవుతాయో నేను లెక్క చెప్పక్కర్లేదు.

సగం తయారైన గేమ్ అమ్మడమే పాపం అని నేను అనను. కంప్యూటర్ గేములమ్మే స్టీమ్ దుకాణం 2013 మార్చిలో "ఎర్లీ యాక్సెస్" అనే పద్ధతి పెట్టింది. గేమ్ ఇంకా పూర్తికాలేదు అని ముందే చెప్పి అమ్ముతారు. ఆడినవాళ్ళు ఎక్కడ బాగాలేదో చెప్తారు, తయారీదారులు సరిదిద్దుతారు. కన్సోళ్ళలో మైక్రోసాఫ్ట్ 2015 జూన్‌లో ఎక్స్‌బాక్స్ మీద "గేమ్ ప్రివ్యూ" పేరుతో ఇదే మొదలుపెట్టింది. ఈ దారిలో మంచి గేములే వచ్చాయి. మైన్‌క్రాఫ్ట్ 2009 నుంచే అసంపూర్ణంగా అమ్ముడై 2011 నవంబర్‌లో పూర్తయింది. బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ 2020 అక్టోబర్ నుంచి 2023 ఆగస్టు దాకా కంప్యూటర్ మీద ఇలాగే నడిచింది. పూర్తయ్యాక ఆ ఏడాది పెద్ద బహుమతులన్నీ దానికే వచ్చాయి.

అసంపూర్ణం అంటే మనకు చిన్నచూపు ఉండాల్సిన పని కూడా లేదు. నన్నయ గారు భారతాన్ని అరణ్యపర్వంలో వదిలేశారు. విరాటపర్వం నుంచి తిక్కన గారు రాశారు, అరణ్యపర్వంలో మిగిలినది ఎర్రన గారు పూరించారు. 11వ శతాబ్దంలో మొదలైంది 14వ శతాబ్దానికి పూర్తయింది. ఇంత ఆలస్యంగా వచ్చిన "అప్‌డేట్" ఇంకోటి లేదని మేం క్లాసులో నవ్వుకుంటాం. కానీ అక్కడ పాఠకులెవరూ పూర్తి ధర కట్టి వాకిట్లో కూర్చోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

తయారుకానిదాన్ని అమ్మే పద్ధతులు మనకి ముందు నుంచీ ఉన్నాయి. మామిడి తోటని పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తారు. ఆ వ్యాపారి ముందు తోటంతా తిరుగుతాడు, చెట్టు చెట్టూ చూస్తాడు. పూత రాలిపోవచ్చు, గాలివాన కొట్టొచ్చు, కాయ నిలవకపోవచ్చు. ఆ భయం అంతా ధరలో తగ్గించుకుంటాడు. కాయ దిగాక చెల్లించే ధర పూత మీద ఎవరూ చెల్లించరు. వారపత్రికల సీరియల్ నవలలూ అలాంటివే. రచయిత్రి రాస్తూ ఉండగానే మన అమ్మమ్మలు చదివారు. కానీ వాళ్ళు కొన్నది ఆ వారం పత్రిక ఒక్కటే. కథ నచ్చకపోతే వచ్చే వారం కొనడం మానేసేవాళ్ళు. మొత్తం నవల ధర మొదటి వారమే ఎవరూ కట్టించుకోలేదు.

ఈ రెండింటిలో ఉన్న న్యాయం ఒకటే. నష్టభయం ఎవరు మోస్తారో వాళ్ళకి ధరలో తగ్గింపైనా ఉండాలి, మధ్యలో తప్పుకునే వీలైనా ఉండాలి. సగం గేముల బేరంలో చాలాసార్లు రెండూ ఉండవు. చెప్పుకున్న బాల్డర్స్ గేట్ 3 కూడా అసంపూర్ణంగా ఉన్నప్పుడే పూర్తి ధరకి అమ్మారు. అది బాగా ముగిసింది కాబట్టి ఎవరూ అడగలేదు. బాగా ముగియకపోతే ఆ భారం ఎవరిది?

మా ఇంట్లో నాన్న కన్నడ, అమ్మ తెలుగు. సగం సగం పనిని నాన్న "అర్ధంబర్ధ" అంటారు, అమ్మ "అరకొర" అంటుంది. పోయిన ఏడాది మా తమ్ముడు పండక్కి వచ్చిన డబ్బులు దాచి, నా దగ్గర కొంత తీసుకుని ఒక గేమ్ కొన్నాడు. కన్సోల్ మా పెదనాన్న కొడుకు వాడి ఇచ్చిన పాతది. అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ మీద గేమ్ దిగడానికి నాలుగు రాత్రులు పట్టింది. కొంతదూరం ఆడాక ఒక చోట బొమ్మ బిగుసుకుపోతుంది. ప్రతిసారీ అక్కడే. "అక్కా, మళ్ళా ఆగింది" అని తమ్ముడు పిలిస్తే నేనూ చూశాను. డబ్బు వాపసు అడుగుతూ నేనే ఉత్తరం రాశాను. "ఈ గేమ్ ఇంకా తయారీలో ఉందని కొనేముందే తెలియజేశాం" అని మర్యాదగా జవాబు వచ్చింది. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. ఆ జవాబు మాత్రం ముఖ్యం.

ఎందుకంటే, "తయారీలో ఉంది" అన్న చీటీ కొనేవాళ్ళని హెచ్చరించడానికి పెట్టారని మనం అనుకుంటాం. అవసరం వచ్చినప్పుడు అది అమ్మినవాళ్ళకి గొడుగు అవుతుంది. మామూలు గేమ్‌లో లోపం ఉంటే దాన్ని లోపం అంటారు. చీటీ ఉన్న గేమ్‌లో అదే లోపాన్ని "ముందే చెప్పాం కదా" అంటారు. అంటే చీటీ ఒక్కటే సరిపోదు. చీటీతోపాటు ఇంకొన్ని షరతులు రావాలి. నా వాదన అంతా ఇదే.

కంప్యూటర్ కంటే కన్సోల్ మీద ఈ షరతులు గట్టిగా ఎందుకుండాలి? రెండు కారణాలు. మొదటిది, కంప్యూటర్‌కి గేములమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. కన్సోల్‌లో డిస్క్ లేకుండా గేమ్ దింపుకోవాలంటే ఆ కంపెనీ సొంత దుకాణం ఒక్కటే గేటు. ఏ గేమ్ లోపలికి రావాలో పరీక్షించి వదిలేది వాళ్ళే, ప్రతి అమ్మకం మీద వాటా తీసుకునేదీ వాళ్ళే. గేటు తాళం తన దగ్గరే పెట్టుకున్నవాడు లోపల అమ్మే సరుకుకి పూచీ కూడా పడాలి.

రెండోది డబ్బు వాపసు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగిస్తారు. ప్లేస్టేషన్ దుకాణంలోనూ 14 రోజులే, కానీ డౌన్‌లోడ్ మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే, గేమ్‌లో లోపం ఉంటే తప్ప వాపసు లేదు. దింపుకోకుండా గేమ్ ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? దింపుకున్నాక లోపం కనిపిస్తే, అది లోపమా లేక "తయారీలో ఉన్నందువల్ల" అలా ఉందా అని తేల్చేదెవరు? చీర మడత విప్పితే వాపసు లేదనే కొట్టులో ఎవరైనా చీర కొంటారా?

చీటీ కూడా లేకుండా అసంపూర్ణ సరుకు అమ్మితే ఏమవుతుందో 2020 డిసెంబర్‌లో ప్రపంచమంతా చూసింది. పోలాండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ తన సైబర్‌పంక్ 2077 గేమ్‌ని డిసెంబర్ 10న పూర్తయిన గేమ్‌గానే విడుదల చేసింది. పాత తరం కన్సోళ్ళ మీద అది సరిగ్గా నడవలేదు. మధ్యలో ఆగిపోవడం, బొమ్మలు తప్పిపోవడం లాంటివి ఎన్నో. ఎనిమిది రోజులకే సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసి, కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిస్తామంది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్ 21న. మరి పరీక్షలో ముందు ఎలా పాసైంది? విడుదల నాటికి సరిచేస్తామని కన్సోల్ కంపెనీలు తమని నమ్మాయని ఆ కంపెనీ పెద్దలే తర్వాత చెప్పారు. అంటే గేటు దగ్గర కాపలా ఉంది, కానీ మాట మీద వదిలేశారు. ఆ గేమ్ తర్వాత బాగుపడింది, నిజమే. మొదటి వారం కొన్నవాళ్ళకి మాత్రం తమ డబ్బుతో పరీక్ష జరిగినట్టే.

ఇది దూరదేశం సంగతి అనుకోవద్దు. మన బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ గేమ్స్, పబ్‌జీ నిషేధం వచ్చిన రెండు రోజులకి, 2020 సెప్టెంబర్ 4న, ఫౌజీ అనే ఫోన్ గేమ్‌ని ప్రకటించింది. 2021 జనవరి 26న విడుదలైతే అందులో గల్వాన్ లోయ కథ ఒక్కటే ఉంది. స్నేహితులతో కలిసి ఆడే భాగం అప్పటికి లేదు, కొన్ని నెలల తర్వాత గానీ మొదలవలేదు. ఆ గేమ్ ఉచితం, కాబట్టి ఎవరి డబ్బూ పోలేదు. అయినా నిరాశపడ్డ జనం కొద్ది రోజుల్లోనే ప్లే స్టోర్‌లో దాని రేటింగ్‌ని కిందికి దించేశారు. ఊరికే ఇచ్చినదానికే ఇంత కోపం వస్తే, డబ్బు తీసుకున్నదానికి ఎంత జవాబుదారీ ఉండాలి?

అవతలి వాదన కూడా బలమైనదే, దాటేయకూడదు. చిన్న కంపెనీకి రెండు మూడేళ్ళు జీతాలిచ్చే డబ్బు ఎక్కడిది? పూణే వాళ్ళ నోడింగ్ హెడ్స్ సంస్థ, తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే రాజీ అనే అమ్మాయి కథతో గేమ్ చేద్దామని 2017లో జనం దగ్గర ఆన్‌లైన్ చందా అడిగింది. అనుకున్నంత రాలేదు. అయినా కష్టపడి 2020 ఆగస్టులో దాన్ని ముందుగా స్విచ్ కన్సోల్ మీద విడుదల చేశారు. ఇలాంటివాళ్ళకి ముందస్తు అమ్మకం ఊపిరి లాంటిది. ఆ దారి మొత్తం మూసేస్తే పెద్ద కంపెనీల గేములే మిగులుతాయి, మన కథలతో వచ్చే గేములు రావు. అందుకే నేను నిషేధం అడగడం లేదు.

ఇంకో దారి కూడా ఉంది. హేడీస్ అనే గేమ్‌ని సూపర్‌జెయింట్ సంస్థ 2018 డిసెంబర్ నుంచి కంప్యూటర్ మీద మాత్రమే అసంపూర్ణంగా అమ్మింది. పూర్తయ్యాక 2020 సెప్టెంబర్ 17న స్విచ్ మీదకి తెచ్చింది. వంట ఒక చోట, వడ్డన ఇంకో చోట. కన్సోల్ కొనుక్కున్నవాళ్ళు కోరుకునేది అదే. పెట్టె తగిలించగానే ఆట నడవాలి.

కట్టకుండానే అమ్మే ఇంకో సరుకు మనకి తెలుసు, అపార్ట్‌మెంట్ ఫ్లాట్. హైదరాబాద్‌లో "ప్రీలాంచ్" బోర్డులు చూడనివాళ్ళు లేరు. అక్కడ మోసపోయినవాళ్ళ గోడు విని విని, 2016లో రెరా చట్టం తెచ్చారు. కట్టకముందు అమ్మొద్దు అని ఆ చట్టం అనలేదు. రిజిస్టర్ చేయించి అమ్ము, ఒప్పందం రాసుకోకుండా పది శాతం మించి అడ్వాన్స్ తీసుకోకు, కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టు, చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో తిరిగివ్వు అంది. గేమ్‌కి అంత పెద్ద చట్టం అక్కర్లేదు. ఆ ఆలోచన చాలు.

మా ఊరి రైతు సంగతి చూడండి. పండిన చెరకు నరికి కార్ఖానాకి ఇస్తాడు, డబ్బు తర్వాత వస్తుంది. 14 రోజుల్లో ఇవ్వాలని 1966 నుంచి ఉత్తర్వు ఉంది, అయినా దేశంలో చెరకు బకాయిల వార్త రాని ఏడాది లేదు. పూర్తయిన సరుకు ఇచ్చినవాడు డబ్బు కోసం ఎదురుచూడాలి. పూర్తికాని సరుకు అమ్మేవాడికి డబ్బు ముందే కావాలి.

కాబట్టి కన్సోల్ కంపెనీలు సగం గేములు అమ్మాలనుకుంటే నాలుగు పనులు చెయ్యాలని నా అభిప్రాయం. ఒకటి, పూత ధర వేరు, కాయ ధర వేరు. ఇప్పుడు కొన్నవాళ్ళకి తగ్గింపు ఉండాలి, పూర్తయ్యాక మళ్ళీ డబ్బు అడగకూడదు. రెండు, కొనేముందు కాసేపు ఉచితంగా ఆడి చూడనివ్వాలి. ఎక్స్‌బాక్స్ ప్రివ్యూ మొదలైనప్పుడు ఈ సౌకర్యం ఉంది, కాబట్టి ఇది కుదరని పని కాదు. మూడు, ఇప్పుడు ఏముంది, ఏం లేదు, ఎప్పటికి వస్తుంది అన్నది తేదీతో సహా ధర పక్కనే రాయాలి. నాలుగు, ఆ తేదీ దాటితే, ఎన్ని గంటలు ఆడినా సరే, అడిగినవాళ్ళకి డబ్బు తిరిగివ్వాలి. ఆ డబ్బు దుకాణం తన వాటాతో సహా ఇవ్వాలి. తన వాటా పోతుందంటే గేటు దగ్గర పరీక్ష కూడా గట్టిగా చేస్తుంది.

ఈ నాలుగూ ఒప్పుకోలేని కంపెనీ గేమ్ పూర్తయ్యేదాకా ఆగొచ్చు. మనం కూడా ఆగొచ్చు. ఇంట్లో తమ్ముళ్ళో చెల్లెళ్ళో "అక్కా, ఈ గేమ్ కొనవా" అని అడిగితే వద్దని కసరకండి. పక్కన కూర్చుని, అందులో ఇప్పుడు ఏముందో, వాపసు నియమం ఏమిటో చదివించండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. నాతో ఒప్పుకోనివాళ్ళు, ముఖ్యంగా చిన్న కంపెనీల పక్షాన మాట్లాడాలనుకునేవాళ్ళు, వచ్చే సంచికకి రాసి ఇవ్వండి. పూర్తిగా రాసి ఇవ్వండి, మేడమ్ సగం తీసుకోరు.

— బి.ఏ. రెండో సంవత్సరం, హళ్ళిఖేడ్ (బి)